హాస్టల్ గోడ వెనక మామిడి కొత్త

పోయినవారం భాగంలో, ఊరి కబుర్లు మోసే బారికి వచ్చి గుమ్మం ముందు కర్ర తాటించి, "పూజారి కోడలా, మీ గుంటని తోలుకొని రాళ్ళకాడికి రమ్మన్నారు" అని కేకేసి పోయాడు. కనక చేతిలో చీపురు చేతిలోనే ఉండిపోయింది. కథ అక్కడ ఆగింది.

ఎందుకు రమ్మన్నారో తెలియని ఇల్లు లేదు జీలుగుపుట్టులో. వడగళ్ళు పడ్డాయి. కాఫీ పూత నేలపాలైంది. మామిడిచెట్ల కింద పిందెలూ కాయలూ పచ్చటి చాప పరిచినట్టు పడున్నాయి. ఒక్క మనిషి వంగి ఒక్క కాయ తీయలేదు. తీయరు. ఆ కొండల్లో ఏ పంటకైనా ముందు కొత్త పెట్టాలి. పూజారి కూర్చుని, ఊళ్ళో పోయినవాళ్ళందరినీ పేరుపేరునా పిలిచి, వాళ్ళ వాటా ఆకులో పెట్టాక, అప్పుడు ఉన్నవాళ్ళు నోట పెట్టుకోవాలి. ఈ ఏడు మామిడి కొత్త ఇంకా కాలేదు. పిల్లలు కాయల్ని దాటుకుంటూ నడుస్తున్నారు. మేకల్ని కట్టేశారు.

ఇంతలో సోమన్న సంతకి అల్లం అమ్ముకోడానికి వెళ్ళి ఒక మాట మోసుకొచ్చాడు. ఆశ్రమ పాఠశాల హాస్టల్లో ఉన్న మన ఆడపిల్లలు ఫాల్గుణం పుట్టకముందే మామిడికాయ పప్పు తిన్నారట. ఇంకేం, వడగళ్ళు ఎందుకు పడ్డాయో సోమన్నకి తెలిసిపోయింది. గుంటల్ని మళ్ళీ హాస్టల్‌కి పంపకూడదని ఇల్లిల్లూ తిరిగి చెప్పాడు.

కనక కూతురు వెన్నెల పదో తరగతి. సోమవారం నుంచి పబ్లిక్ పరీక్షలు. పరీక్షలకి ముందు ఇంట్లోవాళ్ళ మొహాలు చూసి రండని వార్డెన్ మేడం రెండు రోజులు వదిలింది. రేపు మధ్యాహ్నం జీపెక్కకపోతే ఆ పరీక్షలు లేవు, ఆ పైన చదువూ లేదు.

కనక చీపురు గోడకి ఆనించి, చెంగు నడుముకి చుట్టుకుంది. వెన్నెల అరుగు మీద జడ అల్లుకుంటోంది, ఏదో పెళ్ళికి వెళ్తున్నట్టు తీరుబాటుగా.

"ఒలే, నిజం సెప్పు. తిన్నావేటి?"

"తిన్నానమ్మా."

కనక ఒక్క అడుగు దగ్గరికి జరిగింది. చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "ఎవులైనా అడిగితే లేదని సెప్పీ. ఆ సోమన్న కూతురు బేబిగుంటకి కూడా అదే నేర్పు."

"ఏల? అడగనీ. నాను సెప్తాను కదా."

"ఏటి సెప్తావే? సెప్పీసి ఇంట్లో కూకుంటావా? మేకలు కాస్తావా?"

వెన్నెల జడ వెనక్కి విసిరి లేచింది. "బేగి రా అమ్మా, తాత ముందే ఎల్లిపోయినాడు."

ఊరి నడుమ ఇంటికో రాయి చొప్పున వలయంగా పాతుకున్న చోటు అది. ఇంటి పెద్ద ఆ ఇంటి రాయి మీదే కూర్చుంటాడు. ఆడవాళ్ళు వెనక నిలబడతారు. ఊరి పెద్ద అప్పన్న అప్పటికే చుట్ట వెలిగించుకుని ఉన్నాడు. ఆయన పక్క రాయి మీద పూజారి సుక్రన్న, కనక మామ, తుండుగుడ్డ ఒళ్ళో పరుచుకుని అడ్డాకులు ఒకదానికొకటి పుల్లలతో కుట్టుకుంటున్నాడు. ఊరంతా గోలపెట్టినా ఆయన చేతులు ఆగవు. మాట కూడా అంతే, నీళ్ళు చుక్కచుక్కగా ఊరినట్టు వస్తుంది. ఆయన కొడుకు, కనక మొగుడు స్వామి డొంకరాయి పనికి వెళ్ళి నెలలైంది. ఆ మనిషి ఉంటే తన పక్కన నిలబడేవాడు కదా అనుకుంది కనక.

సోమన్న కూర్చోలేదు. సుక్రన్నకి అన్నకొడుకు, వెన్నెలకి పెదనాన్న వరస. ఆరో తరగతి చదివే కూతురు బేబిని చెయ్యి పట్టి పక్కన నిలబెట్టుకున్నాడు. ఆ పిల్ల తండ్రి పంచె చాటుకి జరుగుతోంది.

"పెద్దబావూ, నాను ఎవుల మీదా పగతో సెప్పటం లేదు," అని మొదలుపెట్టాడు. "నా కూతురూ ఆ హాస్టల్లోనే ఉన్నాది. నానూ సదువుకోమనే పంపినాను. గాని పెద్దలకి పెట్టకుండా తినీమని పంపలేదు. ఈలు తిన్నారు, ఆకాశం ఇరిగి మీద పడిపోనాది. నా కాఫీ పూత సూసినారా? సీపురుతో ఊడ్సుకొన్నాను."

"నీ కాఫీ ఒక్కటే రాలిందేట్రా?" అంది ముసలి వరహాలు వెనక నుంచి. ఊళ్ళో అందరికన్నా పెద్దది, ఎవరినీ వదలదు. "నా పైకప్పు పెంకులు పగిలినాయి. నానేటి తిన్నానో నువ్వే సెప్పు మరి."

నవ్వులు లేచాయి. సోమన్న మొహం ఎర్రబడింది. "నవ్వండి. రేపు సామలూ పోతాయి, అప్పుడూ నవ్వండి. ఏటే వెన్నెలా, తిన్నారా లేదా?"

వెన్నెల వలయం మధ్యలోకి వచ్చింది. హాస్టల్ యూనిఫాం లంగా, పైన వాళ్ళమ్మ పాత చున్నీ. కనక రెండు చేతులూ కలిపి బిగించి పట్టుకుంది.

"తిన్నాం పెదనాయినా."

ఊళ్ళో ఒక్కసారి కలకలం రేగింది. అప్పన్న చుట్ట తీసి చెయ్యి ఎత్తాడు. "ఆగండర్రా. గుంటని సెప్పనీండి. తినే ముందు మీకు తెలీదేటి, కొత్త కాలేదని?"

"తెలుసు తాతా. అందుకే ముందు తినలేదు. కూరగాయల బండి వచ్చిన కాడినించీ రోజూ మామిడికాయే. పప్పులో అదే, పులుసులో అదే, పచ్చడీ అదే. మన కొండ గుంటలం ఏడుగురం. ఉప్పేసుకొని వట్టన్నం తిన్నాం. మేడం సూసి, ఈలు స్ట్రైక్ సేత్తన్నారు అనుకొన్నాది. అందర్నీ వరసలో నిలబెట్టి, మీకేటి కావాలో రాసీండి అన్నాది. మేం ఏటి రాస్తాం?"

మళ్ళీ కొందరు నవ్వారు. ఈసారి అప్పన్న కూడా మీసం తుడుచుకున్నాడు.

"మరెందుకు తిన్నారు?" సోమన్న వదలలేదు.

వెన్నెల బేబి వైపు చూసింది. బేబి తల అడ్డంగా ఊపింది, చెప్పొద్దని. అయినా వెన్నెల చెప్పేసింది.

"బేబి ప్రేయర్‌లో పడిపోనాది."

సోమన్న చెయ్యి కూతురి చెయ్యిని వదిలేసింది. "పడిపోనాదా? ఎప్పుడు? నాకెవులూ సెప్పలేదే?"

"నువ్వు తిడతావని, నాయినా," అంది బేబి పంచె చాటు నుంచే.

"ఆకలికి పడిపోతే తిడతానేటే!" అని అరిచాడు సోమన్న. అరిచిన అరుపులోనే అది తిట్టులాగా ఉందని ఆయనకే తెలిసి, నోరు మూసుకున్నాడు. వరహాలు ముసిముసిగా నవ్వింది.

"అప్పుడు మేడంకి అంతా సెప్పినాను," అంది వెన్నెల. "మీకు వేరేగా వండిస్తానమ్మా అన్నాది. మంచి మనిషే. గాని మనకొక కుండ, ఆలకొక కుండా ఎన్నాళ్ళు? పక్క గుంటలు అప్పుడే అనడం మొదలెట్టినారు, ఈలు మనతో తినరట అని. అందుకని కొత్త పెట్టీసినాం."

సుక్రన్న చేతులు ఆకు మీద ఆగాయి.

"ఎవులెట్టినారు?" అన్నాడు అప్పన్న.

"నాను."

ఊరి గోల ఇంతా అంతా కాదు. ఆడగుంట కొత్త పెట్టిందట! ఈ ఊరు పుట్టిన కాడినించి ఎవులైనా విన్నారా! అని ఒకడు, దీన్ని ఇంట్లో పెట్టి తలుపెయ్యండి అని ఒకడు. సోమన్న ఒక్కడే ఆ గోలలో లేడు. కూతురి మొహం కేసి చూస్తున్నాడు, చిక్కిందా అని. రేపటి జీపు కొండ మలుపు దాటి, పిల్లని ఎక్కించుకోకుండా వెళ్ళిపోవడం ఆవిడ కళ్ళ ముందు కదిలింది.

సుక్రన్న ఆకులు పక్కన పెట్టాడు. తుండుగుడ్డ దులిపి భుజాన వేసుకున్నాడు. ఆయన మాట్లాడబోతున్నాడని అందరికీ తెలిసింది. ఎదురుచూడ్డం కూడా ఆ ఊరికి అలవాటే.

"కొత్తకి కోడి... ఏదే?"

"హాస్టల్లో కోడి ఎక్కడ్నించి వస్తాది తాతా? గుడ్డు పెట్టే రోజున మా గుడ్లు మేం తినలేదు. ఒక్కొక్కళ్ళం ఒక్కోటి ఇచ్చినాం."

"ఉడికినవా... పచ్చివా?"

"పచ్చివే. వంటామెని ముందే అడిగి తీసుకొన్నాం."

"ఊఁ." ముసలాయన గడ్డం గోక్కున్నాడు. "ఎటు తిరిగి కూకున్నావు?"

"మన కొండవైపు. హాస్టల్ వెనక గోడకాడ నిలబడితే కొస కనబడతాది. అందుకే అక్కడ అలికినాను."

"ఆకు?"

"అడ్డాకు దొరకలేదు. టేకాకు."

"టేకాకా!" అని వెనక ఎవరో నొసలు చిట్లించారు.

"టేకాకులో నీ పెళ్ళికి భోజనం పెట్టలేదేట్రా, ఆ యేడు అడ్డాకు తక్కువైతే?" అంది వరహాలు. "నువ్వు తిన్నావు, సచ్చినోళ్ళు తినలేరా?"

సుక్రన్న నవ్వలేదు. "ఎవుల్ని పిలిసినావు?"

వెన్నెల గొంతు సవరించుకుంది. పిలవబోతోందని గ్రహించి ముసలాయన చటుక్కున చెయ్యి అడ్డం పెట్టాడు. ఆయన అంత తొందరగా కదలడం కనక ఎప్పుడూ చూడలేదు.

"ఇక్కడ పిలవకే. వచ్చీసి... ఆకలంటారు. ఏ ఇంటోళ్ళో సెప్పు, సాలు."

"ఏడుగురి ఇళ్ళూ పిలిసినాను. ఎవుల పెద్దల పేర్లు ఆలని అడిగినాను. పక్క ఊరి గుంటలు ఇంటికి ఫోన్ సేసి కనుక్కొన్నారు. బేబికి మాత్రం వాళ్ళ మామ్మ పేరు తెలీదు. ఇంట్లో ఆ పేరు ఎప్పుడూ అనరట." వెన్నెల సోమన్న వైపు తిరిగింది. "నాకు తెలుసు పెదనాయినా. తాత ఏడాదేడాదీ పిలుస్తాడు కదా, ఆకు పట్టుకొని పక్కనే ఉంటాను. మనోళ్ళలో మొదటి ముద్ద ఆ మామ్మకే పెట్టినాను, బేబి సేత పెట్టించినాను. ఆకలితో పడిపోయిన గుంట ఆమెదే కదా అని."

సోమన్న నిలబడ్డవాడు నిలబడ్డట్టే తన ఇంటి రాయి మీద కూలబడ్డాడు. తల్లి పోయినప్పుడు ఆయన డొంకరాయిలో ఉన్నాడు. కబురు అందేసరికి మట్టి కూడా వేసేశారు. అప్పటినుంచి ఆ పేరు ఆయన నోట ఎవరూ వినలేదు. ఇప్పుడు తుండుగుడ్డతో మొహమంతా తుడుచుకున్నాడు, చెమటన్నట్టు.

అక్కడితో అయిపోయిందనుకుంది కనక. కాలేదు. సుక్రన్న కళ్ళు చిన్నవి చేసుకుని మనవరాలినే చూస్తున్నాడు.

"కాయ... ఏ నేలదే?"

"పల్లానిది తాతా. కిందనించి లారీలో వచ్చినాది. మన కాయ అప్పటికి పూతలోనే ఉన్నాది."

"పల్లపు కాయ." ఒక్కొక్క మాటనీ తూచి వేస్తున్నట్టు చెప్పాడు. "పల్లపు కాయ తెచ్చి... మనోళ్ళకి పెట్టీసినావా? ఆ నేలని దున్నినోళ్ళు, ఆ సెట్టు నాటినోళ్ళు... ఆలు ఊరుకొంటారా?"

రాళ్ళ మీద కూర్చున్నవాళ్ళంతా ముందుకి వంగారు. అది ఎవరికీ తట్టలేదు. అడిగినవాడు సొంత తాత. కనకకి మామ మీద మొదటిసారి ఒళ్ళు మండింది. పిల్లని నడిరోడ్డున నిలబెట్టి ఈ ముసలాయన అడిగే ప్రశ్నేనా ఇది?

వెన్నెల తల దించుకోలేదు.

"నాకూ అదే అనిపించినాది తాతా. అందుకే మేడంని అడిగినాను. ఆమెది సీతంపేట అవతల పల్లం. మేడం, మీ ఇంట్లో పోయినోళ్ళ పేర్లు సెప్పండి అన్నాను. ముందు నవ్వినాది. పరీక్షల ముందు ఇదేటే అన్నాది. నాను అక్కడే నిలబడ్డాను. అప్పుడు వాళ్ళమ్మ పేరు సెప్పినాది. రత్నాలట. సెప్పీసి అటు తిరిగి కళ్ళు తుడుసుకొన్నాది. పెరట్లో మామిడిసెట్టు వాళ్ళమ్మే నాటిందట."

"మరి?"

"ఆమెని ముందు పిలిసినాను. నీ నేల కాయ, నువ్వు తిని మాకు వదులు అన్నాను. ఆ తరవాతే మనోళ్ళని పిలిసినాను. మేడం కూడా వచ్చి మాతో పాటు నేల మీద కూకొన్నాది. ఆమెకీ ఆకేసినాం."

సుక్రన్న నెమ్మదిగా వెనక్కి వాలి, రెండు అరచేతులూ మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. ఆయన మొహంలో ఏదో విచ్చుకోవడం కనక చూసింది. కొడుకు పుట్టినప్పుడు ఆ మొహం ఎలా ఉందో ఆవిడకి తెలీదుగానీ, ఇలాగే ఉండి ఉంటుందనుకుంది.

"అప్పన్నా," అన్నాడు. "ఆ మాట... నాకు తట్టదు. మా నాయినకీ తట్టదు. మా కొండ దాటి కాయ తెచ్చుకొన్నామేటి మేం, తట్టడానికి? ఈ గుంట దాటింది. దాటినకాడ ఏటి సెయ్యాలో... దానికి తట్టినాది." కాస్త ఊపిరి తీసుకున్నాడు. "కొత్త జరిగినాది. తప్పు లేదు."

కనక చెంగు నోట్లో కుక్కుకుంది. తనకి మూడో తరగతితో బడి ఆగిపోయింది. కూతురి పుస్తకంలో ఒక్క ముక్క అర్థం కాదు. కానీ ఇప్పుడు ఈ రాళ్ళ మధ్య తన కూతురు చెప్పిన జవాబులో ప్రతి ముక్కా అర్థమైంది. అటూ ఇటూ నిలబడ్డ ఆడవాళ్ళ మొహాలు ఒక్కొక్కటే చూసుకుంది. చూడండి, నా కడుపున పుట్టింది అని అరవాలనిపించింది.

"అయితే వడగళ్ళు ఏల పడ్డాయంటావు పూజారీ?" అని అడిగాడొకడు, ఇంకా ఒప్పుకోలేక.

"మబ్బు వచ్చింది గనక పడ్డాయిరా," అంది వరహాలు. "ఇంటికెల్లి పెంకులు సర్దుకో."

అప్పన్న చుట్ట నేలకి రాసి ఆర్పాడు. "ఇంక మాట లేదు. గుంటలు రేపు ఎల్తారు, పరీక్షలు రాస్తారు. సోమన్నా, నీకేటైనా ఉన్నాదా?"

సోమన్న లేచాడు. గొంతు పెగల్చుకున్నాడు. "ఉన్నాది. జీపు వద్దు. జీపోడు గంటసేపు మనుషులు నిండాలని నిలబెడతాడు. వెన్నెలనీ బేబినీ నా బండి మీద నానే దింపుతాను." ఆగి, వెన్నెల వంక చూడకుండా అన్నాడు. "ఆ మేడంకి అల్లం కూడా పట్టుకెల్తాను. ఈసారి కూరలో అది వేసుకొంటాది."

అప్పుడు నవ్వింది ఊరు, కడుపారా. బేబి పంచె చాటు నుంచి బయటికొచ్చి వెన్నెల నడుముని కరుచుకుంది. ఆడవాళ్ళు వలయంలోకి వచ్చేశారు. ఎవరో వెన్నెల బుగ్గ పుణికారు. కనక ఒక్క అడుగు వేసింది, కూతుర్ని దగ్గరికి తీసుకుందామని.

సుక్రన్న లేచి నిలబడ్డాడు.

కాలి దగ్గరున్న ఆనపబుర్ర ఎత్తి, నీళ్ళు నోట్లో పోసుకుని పుక్కిలించి ఉమిశాడు. మళ్ళీ పోసుకుని ఉమిశాడు. తడిచేత్తో చెవులు రెండూ తుడుచుకున్నాడు. చూస్తున్నవాళ్ళ నవ్వులు ఒక్కొక్కటే ఆగిపోయాయి.

"ఒలే. ఇలగ రా. సెవి ఇటియ్యి."

ఊళ్ళో పోయినవాళ్ళ పేర్లన్నిటికీ పైన ఒక పేరుంది. ఈ కొండ మీద మొదట గుడిసె కట్టిన మనిషి పేరు. కొత్త పెట్టేటప్పుడు పూజారి దాన్ని పెదవి కదపకుండా మనసులో పిలుస్తాడు. ఒక పూజారి చెవి నుంచి ఇంకో పూజారి చెవికి తప్ప ఆ పేరు ఎక్కడికీ పోదు. సుక్రన్న ఆ పేరుని కొడుకు స్వామికి కూడా ఇవ్వలేదు. వాడి నోరు ఆగదని ఇవ్వలేదు.

"ఒలమ్మో! తాత పేరిస్తన్నాడు!" అని మొదట కేక పెట్టింది సోమన్నే. "వెన్నెలకి! మన ఇంటి గుంటకి!" ఆయన గొంతులో గర్వం పొంగిపొర్లింది, కాసేపటి కిందట ఆ పిల్ల మీద ఊరిని లేపినవాడు తాను కానట్టు. డప్పు తెండిరా అని ఎవరో పరిగెత్తారు. వరహాలు రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది.

కనక వేసిన అడుగు అక్కడే ఆగింది. ఆ పేరు చెవిలో పడ్డ మనిషి ఊరి పొలిమేర అవతల నిద్రపోకూడదు. ఒక్క రాత్రి కూడా. కాఫీ తోటలో దుంగ పడి సుక్రన్న కాలు విరిగితే, పాడేరు ఆసుపత్రిలో కట్టు కట్టించి, పొద్దు వాలకముందే డోలీలో మోసుకొచ్చేశారు. దారంతా ఆయన నొప్పికి పళ్ళు బిగబట్టుకునే ఉన్నాడు. సొంత కూతురి పెళ్ళి పక్క ఊళ్ళో అయితే, భోజనాలకి ముందే లేచి వచ్చేశాడు. పేరు దొరికిన పిల్లకి హాస్టల్ ఎక్కడిది? పరీక్షల తరవాత ఇంటర్ కాలేజీ ఎక్కడిది?

ముసలాయనకి అది గుర్తుందో లేదో. ఆ మొహం నిండా వెలుగే ఉంది. వంగుతున్నాడు.

"మావా!" అని పిలిచింది కనక. డప్పు కోసం లేచిన కేకల్లో ఆ పిలుపు మునిగిపోయింది. ఆయన పెదవులు వెన్నెల చెవి దగ్గరికొచ్చి, విడుతున్నాయి.

వెన్నెల చెయ్యి లేచింది. తాత నోరు గట్టిగా మూసేసింది.

పూజారి నోటి మీద చెయ్యి వేసినవాళ్ళు ఆ ఊళ్ళో అంతవరకూ లేరు.